గీజరు బిగించే ముందు

ఇంట్లో కరెంటు వాడే గదులన్నిటిలోనూ ప్రమాదానికి ఎక్కువ ఆస్కారం ఉన్నది స్నానాల గదిలోనే. వంటింట్లోనూ నీళ్లుంటాయి, పెరట్లోనూ ఉంటాయి; అయితే ఒంటి మీద బట్ట లేకుండా, కాళ్లకు చెప్పుల్లేకుండా, తల నుంచి పాదాల దాకా తడిసి, తడి గచ్చు మీద నిలబడి, ఒక చేత్తో లోహపు కుళాయి తిప్పుతూ మనిషి గడిపే చోటు ఇల్లు మొత్తంలో అదొక్కటే. తలుపుకు లోపలి నుంచి గడియ వేసి ఉంటుంది కాబట్టి ఏదైనా జరిగినా బయటివారికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఇటువంటి గదిలో రెండు మూడు కిలోవాట్ల గీజరునూ, దాని సాకెట్టునూ, దీపాన్నీ, ఎగ్జాస్ట్ ఫ్యానునూ, కొన్ని ఇళ్లలో వాషింగ్ మెషీనును కూడా బిగిస్తున్నారు. బిగించడం తప్పు కాదు. ఎక్కడ బిగించాలో, ఏ రక్షణతో బిగించాలో చెప్పే నియమాలు దేశంలో ఉన్నాయి, ప్రతి నియమం వెనుకా ఒక భౌతికశాస్త్ర కారణం ఉంది. టైల్స్ రంగు ఎంచుకోవడానికి దుకాణాలన్నీ తిరిగే గృహస్థులు ఈ నియమాల గురించి కరెంటు పని చేసేవారిని ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం విచారకరం.

మనిషి శరీరం గుండా ఎంత కరెంటు పారితే ఏమవుతుందన్నది శాస్త్రజ్ఞులు చాలాకాలం కిందటే కొలిచి చూశారు. కరెంటు ప్రవాహాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. ఆంపియర్‌లో వెయ్యో వంతు మిల్లీ ఆంపియర్. అర మిల్లీ ఆంపియర్ దగ్గర చర్మానికి చిన్న చురుకు తెలుస్తుంది. 10 మిల్లీ ఆంపియర్ల ప్రాంతంలో చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వస్తువును వదలాలనుకున్నా వదలలేని స్థితి వస్తుంది. కరెంటు పట్టేసింది అని జనం చెప్పేది దీన్నే. 30, 40 మిల్లీ ఆంపియర్లు దాటిన కరెంటు ఛాతీ మీదుగా ఒకటి రెండు సెకన్లు పారితే గుండె కింది గదులు లయ తప్పి, రక్తాన్ని ముందుకు నెట్టలేక ఊరికే అదరడం మొదలుపెట్టవచ్చు. వైద్యులు దీన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు, విద్యుదాఘాత మరణాలకు ప్రధాన కారణం ఇదే. ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు. తడిసిన శరీరం చేతి నుంచి పాదం దాకా కరెంటుకు చూపే అడ్డు, అంటే నిరోధం, సుమారు 1,000 ఓములకు పడిపోతుంది. 230ని వెయ్యితో భాగిస్తే వచ్చేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయను చెడగొట్టే మోతాదుకు ఇది అయిదారు రెట్లు. పొడి చర్మంతో, చెప్పులు తొడుక్కుని ఉన్నవారు అదే తీగ తగిలినా చిన్న షాకుతో బయటపడవచ్చు కనుక, హాల్లో ఎప్పుడో షాకు కొట్టినా ఏమీ కాలేదన్న అనుభవాన్ని స్నానాల గదికి వర్తింపజేసుకోకూడదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వెలువరించే ప్రమాద మరణాల నివేదికలో విద్యుదాఘాతానికి ఒక ప్రత్యేక పద్దు ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో ఆ పద్దు కింద దేశంలో ఏటా పదివేలకు పైగా మరణాలు నమోదవుతున్నాయి. ఇవన్నీ స్నానాల గదుల్లో జరిగినవి కావు. పొలాల్లోని మోటార్లూ, తెగిపడిన తీగలూ ఇందులో ఉన్నాయి. కానీ పొలంలో తెగిపడే తీగ రైతు చేతిలో లేని విషయం. ఇంటి లోపలి తీగ పూర్తిగా ఇంటివారి చేతిలో ఉన్నది.

నేల మీద నిలబడినంత మాత్రాన కరెంటు ఒంట్లోంచి ఎందుకు పారాలన్న సందేహం సహజం. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగను, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగను, భూమిలో పాతిన కడ్డీకి కలుపుతారు. దానివల్ల ఫేజు తీగను, అంటే కరెంటు తెచ్చే తీగను, ముట్టుకున్న మనిషి న్యూట్రల్ తీగను తాకనక్కర్లేదు. అతని పాదాల కింద ఉన్న భూమే ట్రాన్స్‌ఫార్మర్ దాకా తిరుగు దారి అవుతుంది. గీజరు లోపల ఎక్కడో ఇన్సులేషన్, అంటే తీగ మీది రక్షక పొర, చెడి ఫేజు తీగ లోహపు ట్యాంకుకు తగిలిందంటే, ట్యాంకుకు కలిసి ఉన్న లోహపు గొట్టాలకూ, షవరుకూ, కుళాయికీ ఆ వోల్టేజి పాకుతుంది. గీజరు మాత్రం ఎప్పటిలాగే నీళ్లు కాచి ఇస్తూ ఉంటుంది. పైకి ఏ లోపమూ కనిపించదు.

ఈ ప్రమాదానికి మొదటి విరుగుడు ఎర్తు తీగ. మూడు కాళ్ల ప్లగ్గులో పైనుండే లావాటి, పొడవాటి కాలు ఎర్తు తీగకు చెందినది. అది పొడవుగా ఉండటం వల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోతుంది. పరికరపు లోహపు ఒంటిని అది ఇంటి ఎర్తింగ్‌కు కలుపుతుంది కనుక, ఫేజు ఆ ఒంటికి తగిలితే కరెంటు మనిషి కోసం ఎదురుచూడకుండా ఆ తీగ వెంటే భూమిలోకి దిగిపోతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఎర్తు తీగ ఉంటే ఎంసీబీ వెంటనే పడిపోయి సరఫరాను ఆపేస్తుందని కూడా అనుకుంటారు. అది అన్ని ఇళ్లలోనూ నిజం కాదు, ఈ వ్యాసంలో పాఠకులు ఎక్కువసేపు ఆగి చూడవలసిన చోటు ఇదే.

ఎంసీబీ అంటే మోతాదుకు మించిన కరెంటు పారినప్పుడు తనంతట తాను పడిపోయే స్విచ్చు. అది తీగలు కాలిపోకుండా కాపాడటానికి తయారైనది. గీజరుకు సాధారణంగా 16 ఆంపియర్ల ఎంసీబీ పెడతారు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే సీ రకం ఎంసీబీ తటాలున పడిపోవాలంటే దాని మోతాదుకు అయిదు నుంచి పది రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్ల కరెంటు పారాలి. ఇప్పుడు ఇంటి ఎర్తు గుంతను చూడాలి. ఉప్పూ బొగ్గూ వేసి పైపు పాతిన గుంత నిరోధం, నీళ్లు పోయక ఎండిన నేలలో, 10 ఓములుందనుకుంటే, 230 వోల్టుల వద్ద దాని గుండా భూమిలోకి దిగగల కరెంటు 23 ఆంపియర్లకు మించదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది సుమారు ఒకటిన్నర రెట్లే. ప్రమాణాల ప్రకారం అంత కరెంటు పారుతున్నా అది గంటసేపు పడిపోకుండా ఉండవచ్చు. ఆ గంటసేపూ గీజరు ఒంటి మీద దాదాపు పూర్తి వోల్టేజి నిలిచి ఉంటుంది, కింద స్నానం సాగుతూ ఉంటుంది. ఎర్తూ ఉండి, ఎంసీబీ కూడా ఉండి మనిషికి రక్షణ లేని పరిస్థితి ఈ విధంగా ఏర్పడుతుంది. ఎర్తు తీగే లేని ఇంట్లో, లేదా ఎర్తు తీగ సాకెట్టు పెట్టె దాకా వచ్చి స్క్రూకు బిగించకుండా వదిలేసిన ఇంట్లో పరిస్థితి ఇంతకన్నా ఘోరమని వేరే చెప్పనక్కర్లేదు.

ఈ లోటును పూరించేది ఆర్‌సీసీబీ అనే మరొక స్విచ్చు. పాత పేరు అలవాటైన ఎలక్ట్రీషియన్లు దీన్ని ఇప్పటికీ ఈఎల్‌సీబీ అంటుంటారు. ఫేజు తీగ వెంట ఇంట్లోకి వెళ్లిన కరెంటునూ, న్యూట్రల్ తీగ వెంట తిరిగి వచ్చిన కరెంటునూ ఇది నిరంతరం సరిపోల్చి చూస్తుంది. రెండు తీగలూ ఒకే ఇనుప వలయం గుండా వెళ్తాయి. రెండింటిలోనూ సమానమైన కరెంటు ఎదురెదురు దిశల్లో పారుతున్నంతసేపు వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కొంత కరెంటు దారి తప్పి మనిషి గుండానో, ఎర్తు తీగ గుండానో భూమిలోకి దిగితే తిరిగి వచ్చేది తగ్గుతుంది, వలయంలో అయస్కాంత క్షేత్రం మిగులుతుంది, దానితో స్విచ్చు పడిపోతుంది. మనుషుల రక్షణకు ఉద్దేశించిన ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే 0.3 సెకను లోపు, అంతకు అయిదు రెట్ల తేడాకు 0.04 సెకను లోపు పడిపోవాలని ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. గుండె ఒకసారి కొట్టుకోవడానికి పట్టే కాలం సుమారు 0.8 సెకను. శరీరం గుండా పారే కరెంటును ఆర్‌సీసీబీ తగ్గించదు. 230 మిల్లీ ఆంపియర్లు పారవలసి ఉంటే అన్నీ పారతాయి, షాకు గట్టిగానే తగులుతుంది, కానీ గుండె లయ తప్పేంత వ్యవధి దానికి దొరకదు. ప్రాణం నిలిచేది ఆ వ్యవధి దొరకనందువల్లే.

ఇటువంటి పరికరాల చరిత్రలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బర్కిలీ ఆచార్యుడు చార్లెస్ డాల్జియెల్‌కు ప్రత్యేక స్థానం ఉంది. మనిషి ఎంత కరెంటును వదిలించుకోగలడు, గుండె ఎంతకు లయ తప్పుతుంది అన్న ప్రశ్నల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన ఆయన, ఆ అంకెల ఆధారంగానే 1961లో అమెరికాలో జీఎఫ్‌సీఐ అని పిలిచే రక్షణ స్విచ్చును రూపొందించాడు. అమెరికా విద్యుత్ నియమావళి 1968లో ఈత కొలనుల అడుగు దీపాలకూ, 1975లో స్నానాల గదుల సాకెట్లకూ దాన్ని తప్పనిసరి చేసింది. అక్కడి స్విచ్చు మరింత సున్నితం. 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోతుంది.

ఆర్‌సీసీబీ కొనేటప్పుడు దాని మీద ముద్రించిన అంకెను చూడటం ముఖ్యం. 100, 300 మిల్లీ ఆంపియర్ల రకాలు కూడా మార్కెట్లో దొరుకుతాయి. అవి తీగలు వేడెక్కి నిప్పంటుకోకుండా చూడటానికి ఉద్దేశించినవి, మనిషిని కాపాడటానికి చాలవు. 30 మిల్లీ ఆంపియర్లది మాటిమాటికీ పడిపోతోందని విసిగి దాని స్థానంలో 100ది పెట్టించడమో, అసలు దాన్ని తప్పించి తీగలను నేరుగా కలిపించడమో చేసే ఇళ్లున్నాయి. మాటిమాటికీ పడిపోతున్నదంటే ఎక్కడో కరెంటు లీకవుతున్నదని, లేదా రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు కలిసిపోయాయని అర్థం. వెతికి సరిచేయవలసింది ఆ లోపాన్ని. మరొక సంగతి కూడా తెలిసి ఉండాలి. ఒక చేత్తో ఫేజునూ మరొక చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్నవారిని ఆర్‌సీసీబీ కాపాడలేదు, ఎందుకంటే వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తూనే ఉంటుంది. అధిక లోడును కూడా అది పట్టించుకోదు. ఆ పనికి ఎంసీబీ ఉండవలసిందే. రెండు పనులూ ఒకటే చేసే పరికరాన్ని ఆర్‌సీబీఓ అంటారు. గీజరు సర్క్యూట్‌కు విడిగా ఒకటి పెట్టుకోగలిగితే, దానిలో లోపం వచ్చినప్పుడు ఇల్లంతా చీకటి కాకుండా ఆ ఒక్క లైనే ఆగుతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో, సరఫరా పోయి బ్యాటరీ మీద నడుస్తున్న సమయంలో స్నానాల గది దీపం, ఫ్యాను మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ కాపలాలో ఉండకపోవచ్చు. ఇన్వర్టర్ లైనుకు కూడా వేరుగా రక్షణ పెట్టించడం అవసరం.

పరికరాన్ని ఏ స్థానంలో బిగించాలన్నది రెండో విషయం. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ప్రమాణాలు స్నానాల గదిని నీటికి ఉన్న దూరాన్ని బట్టి మండలాలుగా విభజిస్తాయి. భారతీయ ప్రమాణాల సంస్థ ఇంటి వైరింగ్‌కు నిర్దేశించిన ఐఎస్ 732 కూడా ఈ పద్ధతినే అనుసరిస్తుంది. స్నానపు తొట్టె లోపలి భాగం సున్నా మండలం. దానికి పైన, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు దాకా, అంటే సుమారు ఏడడుగుల నాలుగున్నర అంగుళాల దాకా ఉన్న ఖాళీ స్థలం ఒకటో మండలం. దానికి పక్కగా మరో 0.6 మీటరు, అంటే రెండడుగులు, రెండో మండలం. తొట్టె లేకుండా షవరు మాత్రమే ఉన్న గదిలో నీరు పడే చోటు నుంచి 1.2 మీటర్ల దూరం దాకా మొత్తం ఒకటో మండలంగానే లెక్కించాలి. ఒకటో మండలంలోనూ రెండో మండలంలోనూ మామూలు సాకెట్లు ఉండకూడదు. అక్కడ స్థిరంగా బిగించే గీజరు వంటి పరికరాలకు ఐపీఎక్స్4 స్థాయి తడి రక్షణ, అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా లోపలికి పోని నిర్మాణం, ఉండాలి. పరికరపు పెట్టె మీద ఐపీ అక్షరాల తరువాత రెండు అంకెలుంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి సంబంధించినది. దుమ్ము సంగతి చెప్పనవసరం లేని చోట మొదటి అంకెకు బదులు ఎక్స్ అని వేస్తారు.

ఈ కొలతలను తెలుగు ఇళ్ల స్నానాల గదులకు అన్వయిస్తే ఒక కఠినమైన నిజం బయటపడుతుంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉండే సగటు గదిలో, గోడకు షవరు బిగించి ఉంటే, దాని నుంచి నాలుగడుగుల దూరం దాకా ఒకటో మండలమే. మిగిలే మూల కూడా చెంబుతో పోసుకునే నీళ్లకూ, బకెట్లోంచి చిందే నీళ్లకూ తడవకుండా ఉండదు. నియమాలు రాసినవారు తొట్టెలో కూర్చుని స్నానం చేసే అలవాటును దృష్టిలో పెట్టుకుని రాశారు. నిలబడో, పీట మీద కూర్చునో, గదంతా తడిపే అలవాటుకు ఆ గీతలు చాలవు. అందుచేత ఇక్కడి స్నానాల గదిలో నేల నుంచి ఏడున్నర అడుగుల ఎత్తు వరకు గది మొత్తాన్నీ తడి మండలంగానే భావించి, సాకెట్టును లోపల పెట్టకుండా ఉండటమే వివేకం. గీజరు సాకెట్టు లోపలే పెట్టక తప్పకపోతే ఆ ఎత్తుకు పైన, షవరుకు దూరంగా, మూత ఉన్న తడి నిరోధక పెట్టెలో పెట్టి, దాని స్విచ్చును మాత్రం తలుపు బయట గోడ మీదే ఉంచాలి.

విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు ఈ విషయంలో రెండు భిన్నమైన పద్ధతులు చూస్తుంటారు. బ్రిటన్‌లో స్నానాల గదిలో మామూలు సాకెట్టే కనిపించదు. ఒకటో మండలపు అంచు నుంచి 3 మీటర్ల లోపు దానికి అనుమతి లేదని ఉన్న నియమాన్ని 2022లో 2.5 మీటర్లకు తగ్గించినా, చాలా గదులు అంత పెద్దవి కావు. గడ్డం గీసుకునే యంత్రానికి మాత్రం, భూమితో సంబంధం లేకుండా కరెంటు ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రత్యేక సాకెట్టు ఉంటుంది. దీపానికి పైకప్పు నుంచి తాడు వేలాడుతుంది, తడి చేత్తో ముట్టుకోవలసింది స్విచ్చును కాదు, ఆ తాడును. అమెరికాలో ఇందుకు భిన్నంగా, చేతులు కడుక్కునే బేసిన్‌కు మూడడుగుల లోపు సాకెట్టు ఉండి తీరాలి, కానీ దానికి జీఎఫ్‌సీఐ రక్షణ తప్పనిసరి. ఒక దేశం దూరాన్ని నమ్మింది, మరొకటి వేగంగా పడిపోయే స్విచ్చును నమ్మింది. గది చిన్నదై, నేలంతా తడిసే ఇక్కడి పరిస్థితిలో రెండూ కావాలి.

భారతదేశంలో చట్టం ఏమంటున్నదన్నది చాలామందికి తెలియని విషయం. 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమావళిని 2010లో వెలువరించి, దాని స్థానంలో 2023లో కొత్తది తెచ్చింది. బాగా తక్కువ లోడు ఉన్న కనెక్షన్లను మినహాయించి, ప్రతి సంస్థాపనకూ భూమిలోకి లీకయ్యే కరెంటును పసిగట్టి సరఫరాను తక్షణం ఆపే పరికరం ఉండాలని ఈ నియమావళి చెబుతుంది. అంటే ఆర్‌సీసీబీ ఇష్టమైతే పెట్టుకునే అదనపు సౌకర్యం కాదు, గీజరూ ఏసీ ఉన్న ఇంటికి అది చట్టం కోరే వస్తువు. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు మార్చడం వంటి చిన్న పనులు తప్ప మిగిలిన వైరింగ్ పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలో మాత్రమే చేయించాలన్నది మరో నియమం. గీజరుకు కొత్త లైను లాగడం ఆ మినహాయింపులోకి రాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లైసెన్సులకూ తనిఖీలకూ ప్రభుత్వ విద్యుత్ తనిఖీ శాఖలున్నాయి. అయితే విద్యుత్ పంపిణీ సంస్థ బాధ్యత మీటరుతో ముగుస్తుంది. ఇంటి లోపలికి వచ్చి స్నానాల గది ఎర్తు తీగను పరిశీలించేవారు ఎవరూ లేరు. చట్టం ఉండీ దాన్ని అమలు చేయించే కళ్లు లేని ఈ చోట, ఆ కళ్లు ఇంటి యజమానివే కావాలి.

గీజరు కొనేవారు ట్యాంకు ఎన్నేళ్లు పనిచేస్తుందో అడుగుతారు. దానికి కావలసిన తీగ మందం అడగరు. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు, 3,000 వాట్లది సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. అందువల్ల 6 ఆంపియర్ల చిన్న సాకెట్టుకు ఏ గీజరునూ తగిలించకూడదు. 16 ఆంపియర్ల సాకెట్టుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 3 కిలోవాట్లదైతే లేదా దూరం ఎక్కువైతే 4 చదరపు మిల్లీమీటర్లది లాగాలి, దానితో పాటు ఎర్తు తీగా రావాలి. ఆ లైను మీద మరే సాకెట్టూ ఉండకూడదు. తలుపు బయటి స్విచ్చు ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి విడదీసే రెండు ధ్రువాల రకమైతే మేలు; ఎప్పుడో ఎవరో తీగలు తారుమారు చేసి ఉంటే, ఒంటి ధ్రువపు స్విచ్చు ఆపినా గీజరు లోపల కరెంటు మిగిలే ఉంటుంది. కంపెనీ తరఫున వచ్చి గీజరును గోడకు తగిలించే మనిషి పని సాధారణంగా గొట్టాలు కలిపి నీళ్లు వేడెక్కాయో లేదో చూసుకోవడంతో ముగుస్తుంది. సాకెట్టులో ఎర్తు ఉన్నదీ లేనిదీ ముందే ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టి చూపించుకోవడం ఇంటివారి పనే. ట్యాంకు కింద చల్లనీటి గొట్టం దగ్గర బిగించే సేఫ్టీ వాల్వును కూడా తీసి పక్కన పెట్టకూడదు, చుక్కలు కారుతున్నాయని దాన్ని మూసివేయకూడదు. థర్మోస్టాట్ చెడి నీళ్లు మరిగిపోతే లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి అదొక్కటే.

బోరు నీళ్లు వాడే ఊళ్లలో గీజరుకు మరొక శత్రువు ఉంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి హీటింగ్ ఎలిమెంట్ మీద తెల్లటి పెచ్చుగా పేరుకుంటాయి. ఎలిమెంట్ అంటే లోహపు గొట్టం నడుమ నిరోధక తీగను పెట్టి, రెండింటి మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని దట్టించిన భాగం. కరెంటు పారే తీగకూ నీళ్లకూ మధ్య ఉన్న అడ్డు ఆ పొడీ, ఆ గొట్టమే. పెచ్చు దళసరైన కొద్దీ వేడి నీళ్లలోకి పోలేక గొట్టంలోనే నిలిచి, అది ఉబ్బి చిట్లుతుంది, నీళ్లు లోపలి తీగకు తగులుతాయి. ఎర్తూ ఆర్‌సీసీబీ సరిగా ఉన్న ఇంట్లో ఆ క్షణమే స్విచ్చు పడిపోతుంది, జనం గీజరు చెడిందని అనుకుంటారు. అవి లేని ఇంట్లో గీజరు చెడినట్టే తెలియదు. నీళ్లు ఉప్పగా ఉండే ప్రాంతాల్లో ఏడాదికొకసారి ఎలిమెంట్‌ను తీయించి శుభ్రం చేయించి, ట్యాంకును కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించాలి.

గీజరు కన్నా ఎక్కువ భయపడవలసింది బకెట్లో వేలాడదీసే హీటర్ రాడ్డుకు. హాస్టళ్లలో, అద్దె గదుల్లో, గీజరు కొనలేని ఇళ్లలో చలికాలం మొత్తం అదే ఆధారం. రాడ్డు గొట్టం ఎక్కడైనా చిట్లితే బకెట్లోని నీళ్లన్నీ వోల్టేజి ఎక్కుతాయి. ప్లాస్టిక్ బకెట్ గుండా కరెంటు భూమిలోకి పోలేదు కాబట్టి ఎర్తు లేని రాడ్డు విషయంలో ఏ స్విచ్చూ పడిపోదు, నీళ్లు కాగాయో లేదో చూడటానికి వేలు పెట్టిన మనిషే ఆ కరెంటుకు మొదటి దారి అవుతాడు. రెండు కాళ్ల ప్లగ్గు ఉన్న చవక రాడ్డును ఇంట్లోకి తేకూడదు. ఐఎస్ఐ గుర్తూ, మూడు కాళ్ల ప్లగ్గూ ఉన్నదైనా సరే, స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, ఆ తరువాతే నీళ్లలో చెయ్యి పెట్టాలి. ఇనుప బకెట్ అసలే వద్దు. పిల్లలు స్నానానికి ఆత్రపడే ఇళ్లలో ఈ ఒక్క నియమాన్ని పెద్దలు పదేపదే చెప్పి అలవాటు చేయాలి. నిల్వ గీజర్లకూ, ఇన్‌స్టంట్ గీజర్లకూ, రాడ్లకూ ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. ఆ గుర్తు లేకుండా కుళాయికే తగిలించుకునేలా చవకగా అమ్ముడయ్యే హీటర్లను దుకాణంలోనే తిరస్కరించడం మంచిది.

మిగిలిన పరికరాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎగ్జాస్ట్ ఫ్యానును పైకప్పు దగ్గర, దీపాన్ని మూత ఉన్న తడి నిరోధక రకంలో బిగించాలి. వాషింగ్ మెషీను స్నానాల గదిలో తప్పకపోతే దాని సాకెట్టుకూ అదే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డును గుమ్మం దాటించి లోపలికి లాగడం ఏ పరిస్థితిలోనూ కూడదు. హెయిర్ డ్రయ్యర్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నదని అర్థం, అందుకే దానికి ఎర్తు కాలు ఉండదు. కానీ నీళ్లలో పడితే ఆ రెండు పొరలూ పనికిరావు, స్విచ్చు ఆపి ఉన్నా ప్లగ్గు పెట్టే ఉంటే లోపల వోల్టేజి ఉంటుంది. ఛార్జింగులో ఉన్న ఫోనును స్నానానికి వెంట తీసుకుపోవడం కూడా అంతే ప్రమాదం.

కుళాయి ముట్టుకుంటే చిమచిమలాడుతోందని ఇంట్లో ఎవరైనా అంటే దాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. అది లోపం ముదరక ముందు వచ్చే హెచ్చరిక. వెంటనే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా గీజరు వాడకూడదు. షాకు తగిలి పడిపోయినవారిని చేత్తో పట్టుకుని లాగబోయి రెండోవారు కూడా ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు ఎన్నో ఉన్నాయి. ముందు మెయిన్ స్విచ్చు ఆపాలి, అది అందుబాటులో లేకపోతే ఎండిన కర్రతో వారిని తీగ నుంచి విడదీయాలి. 108కి ఫోన్ చేసి, ఊపిరి ఆడకపోతే ఛాతీ నడుమ రెండు అరచేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు రెండంగుళాల లోతు అణుగుతూ లేచేలా, అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూ ఉండాలి. స్నానాల గది గడియను బయటి నుంచి కూడా తెరవగలిగే రకంలో పెట్టుకుంటే ఇటువంటి సమయంలో తలుపు బద్దలుకొట్టే పని తప్పుతుంది.

అద్దె ఇళ్లలో ఉండేవారు ఎర్తు గుంత తవ్వించలేరు, గోడలు పగలగొట్టించలేరు. కానీ ఇంట్లో చేరే ముందు మెయిన్ బోర్డు తెరిచి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నదో లేదో చూడగలరు, లేకపోతే పెట్టించమని యజమానిని అడగగలరు. ఇల్లున్నవారు ఎండాకాలంలో ఎర్తు గుంతలో నీళ్లు పోయించాలి. ఆర్‌సీసీబీ మీద టీ అని రాసి ఉన్న చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకొకసారి దాన్ని నొక్కి చూడాలి. నొక్కగానే స్విచ్చు పడిపోవాలి. పడిపోని ఇంట్లో, దాన్ని మార్పించేదాకా గీజరు వేయకూడదు.